ప్యారలల్ ప్రోగ్రామ్ స్పీడుగా పోవాలంటే డేటాని మార్చి తీరాల్సిందేనా?

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ (ఉన్న డేటాని మార్చకుండా ఫంక్షన్లతో కొత్త విలువలు కట్టే పద్ధతి) వైపు వాళ్లు ఎప్పట్నుంచో ఒక మాట చెప్తానే ఉన్నారు. డేటాని ఒకసారి తయారుచేసినాక మళ్లీ ముట్టుకోకుండా ఉంటే లాకులు (ఒకళ్లు మార్చేటప్పుడు మిగతావాళ్లని ఆపే తాళాలు) అక్కర్లేదు, లాకులు లేకపోతే ప్రాసెసర్లో ఎన్ని కోర్లుంటే (విడివిడిగా పనిచేసే భాగాలు) అన్నిటి మీదా ప్రోగ్రామ్ హాయిగా పోతాది అని. అవతల సీ, ఫోర్ట్రాన్‌లో సైంటిఫిక్ కోడ్ రాసేవాళ్లు ఇది విని నవ్వుతారు. మీది ఎనిమిది కోర్ల మీద ఎనిమిది రెట్లు పెరిగిందంటే సంతోషమే, కానీ ఒక్క కోర్ మీద మాదానికంటే పది రెట్లు నిదానంగా నడిచేదాన్ని ఎనిమిది రెట్లు పెంచితే ఇంకా మా ఒక్క కోర్ వెనకాలే గదా ఉన్నారు అంటారు. ఇద్దరి లెక్కా కరెక్టే, అందుకే ఈ వాదన తెగకుండా సాగతానే ఉంది.

నిజానికి ఇద్దరూ కొట్లాడుకునేది వేరే వేరే సంగతుల మీద. డేటాని ఉన్నచోటే మార్చడం ఒకటి, నలుగురు ఒకేసారి చూస్తా ఉన్న డేటాని మార్చడం ఇంకొకటి. స్పీడుకి మొదటిది చాలాచోట్ల కావాలి, దాంట్లో మొహమాటం లేదు. రెండోది మాత్రం, కొన్ని మొండి కేసులు పక్కనబెడితే, స్పీడుని పాడుచేసేదే.

ఇది గాల్లో చెప్తే అర్థం కాదు గానీ మన వైపు లెక్కే ఒకటి తీసుకుందాం. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, కందుకూరు, కలిగిరి, డీసీ పల్లి, ఇట్టా పొగాకు వేలం కేంద్రాలు చాలా ఉన్నాయి, సీజన్లో బేళ్లు వస్తా ఉంటాయి, ఒక్కో బేలుకి గ్రేడు, బరువు, కేజీ రేటు ఉంటాయి, వేలం ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే జరుగుతాది కాబట్టి ప్రతి బేలూ ఒక రికార్డు కిందే లెక్క. కొన్నేళ్ల రికార్డులు కలిపి కోటి ఉన్నాయనుకోండి, గ్రేడులు వంద అనుకోండి, ఊరికే లెక్క కోసం. ఏ గ్రేడు మొత్తం ఎన్ని కేజీలు పోయింది, ఎంత డబ్బు వచ్చింది అని తేల్చాలి. ఎస్‌క్యూఎల్‌లో అయితే గ్రూప్ బై అని ఒక్క లైన్. చేతిలో ఎనిమిది కోర్ల మెషీన్ ఉంది, దాన్ని మొత్తం వాడుకోవాలి.

ఎవరికైనా మొదట తట్టేది ఏందంటే ఒక హ్యాష్ టేబుల్ (గ్రేడు పేరు ఇస్తే దాని మొత్తాన్ని చూపించే పట్టిక) పెట్టి ఎనిమిది థ్రెడ్లనీ (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పని వరసలు) దాని మీదకి వదలడం. ఒకళ్ల మీద ఒకళ్లు పడకుండా లాక్ పెడతారు, లేదంటే అటామిక్ యాడ్ (మధ్యలో ఇంకెవరూ దూరకుండా ఒకే దెబ్బలో కూడటం) వాడతారు. ఆన్సర్ కరెక్టుగానే వస్తాది, టైమ్ చూస్తే మాత్రం ఒక్క థ్రెడ్‌తో చేసినదానికంటే ఎక్కువ పట్టినా ఆశ్చర్యం లేదు. ఎందుకు? ప్రాసెసర్ మెమరీని బైట్ల లెక్కన కాకుండా క్యాష్ (కోర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) లైన్ల లెక్కన పట్టుకుంటాది, ఎక్స్86లో ఒక లైన్ 64 బైట్లు. ఒక కోర్ ఆ లైన్లో రాయాలంటే మిగతా కోర్ల దగ్గరున్న కాపీలన్నీ చెల్లకుండా పోవాలి, లైన్ మొత్తం ఈ కోర్ చేతికి రావాలి, తర్వాత ఇంకో కోర్ రాయాలంటే మళ్లీ అటు పోవాలి. తన ఎల్1 క్యాష్‌లో (కోర్‌కి అన్నిటికంటే దగ్గరున్నది) ఉన్నదాన్ని కోర్ నాలుగైదు సైకిల్స్‌లో అందుకుంటాది, అదే లైన్ ఇంకో కోర్ దగ్గర్నుంచి లాక్కురావాలంటే పదుల నానోసెకన్లు, వేరే సాకెట్లో, అంటే ఇంకో ప్రాసెసర్ చిప్‌లో ఉంటే ఇంకా ఎక్కువ. కోటి సార్లు ఇట్టా లాక్కుంటా కూర్చుంటే ఎనిమిది కోర్లుండి ఏం లాభం.

ఇంకో చిక్కు కూడా ఉంది. 8 బైట్ల కౌంటర్లు వరసగా పెడితే ఒక్క క్యాష్ లైన్లో ఎనిమిది పడతాయి. అంటే ఒక థ్రెడ్ బ్రైట్ గ్రేడు కౌంటర్ని, ఇంకో థ్రెడ్ తక్కువ రకం గ్రేడు కౌంటర్ని మారుస్తా ఉన్నా, ఇద్దరికీ ఒకళ్లతో ఒకళ్లకి పనే లేకపోయినా, హార్డ్‌వేర్ దృష్టిలో ఇద్దరూ ఒకే వస్తువు కోసం కొట్టుకుంటున్నట్టే. దీన్ని ఫాల్స్ షేరింగ్ అంటారు. కోడ్ చదివితే తప్పు కనపడదు, రిజల్ట్ చూసినా కనపడదు, టైమ్‌లోనే బయటపడతాది.

సరే, ఈ గొడవంతా డేటాని మార్చడం వల్లే గదా, ఇమ్మ్యూటబుల్‌కి (తయారైనాక మారని డేటాకి) పోదాం అంటే ఆడ కూడా ఒక ఉచ్చు ఉంది. క్లోజర్ లాంటి ఫంక్షనల్ భాషలో పర్సిస్టెంట్ మ్యాప్ ఉంటాది, ఫిల్ బ్యాగ్‌వెల్ 2001లో రాసిన హ్యాష్ ట్రై (చెట్టు లాగా కొమ్మలుగా విడిపోయే పట్టిక) ఐడియాని రిచ్ హిక్కీ 2007లో బయటికొచ్చిన క్లోజర్‌కి తగినట్టు మలిచాడు. ఒక్కో నోడ్‌కి 32 కొమ్మలు, ఏదైనా మారిస్తే పాత మ్యాప్ అట్టానే ఉంటాది, రూట్ నుంచి ఆ ఆకు దాకా ఉన్న నోడ్లు మాత్రం కొత్తగా కాపీ అవుతాయి. చాలా తెలివైన డిజైన్, అందులో సందేహం లేదు. ఇప్పుడు ఈ మ్యాప్‌ని ఒక ఆటమ్‌లో (ఇప్పటి మ్యాప్ ఏదో చూపించే డబ్బా) పెట్టి ఎనిమిది థ్రెడ్లూ స్వాప్ చేస్తా ఉంటే ఏమవుతాది? మ్యాప్ మారదు గానీ దాన్ని చూపించే ఆ ఒక్క రిఫరెన్స్ మారాలి గదా. ఎనిమిది మందీ కొత్త మ్యాప్ తయారుచేసుకోని వస్తారు, కంపేర్ అండ్ స్వాప్‌లో (పాత విలువ ఇంకా అట్టానే ఉంటేనే కొత్తది పెట్టే ఆపరేషన్) ఒక్కడు నెగ్గుతాడు, మిగతా ఏడుగురూ చేసిన పని అవతల పడేసి మళ్లీ మొదటికి. లాక్ అనేది కోడ్‌లో యాడా కనపడదు, కానీ కొట్లాట అట్టానే ఉంది, పైగా ఓడిపోయినోళ్ల పని వృథా. డేటా స్ట్రక్చర్ ఇమ్మ్యూటబుల్ అయినంత మాత్రాన షేరింగ్ పోదు, అది ఒక మెట్టు పైకి జరిగి రూట్ పాయింటర్ దగ్గర కూర్చుంటాది. ప్యూర్ కోడ్ (బయటిదేదీ మార్చని కోడ్) అంటే ఆటోమేటిక్‌గా స్కేల్ అయిపోతాది, కోర్లతో పాటే స్పీడు పెరుగుతాది అని చెప్పేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు.

ఇంతకీ ఈ లెక్క చేయాల్సిన పద్ధతి వేలం కేంద్రం గుమాస్తాకి కూడా తెలిసిందే. ఎనిమిది మంది గుమాస్తాలుంటే ఒకే పుస్తకం చుట్టూ మూగరు, ఎవరి పుస్తకం వాళ్లు రాసుకోని సాయంత్రం కూర్చొని కలుపుతారు. కోటి రికార్డుల్ని ఎనిమిది ముక్కలు చేసి ఒక్కో థ్రెడ్‌కి పన్నెండున్నర లక్షలు ఇస్తే, ప్రతి థ్రెడ్‌కీ తన సొంత టేబుల్, వంద గ్రేడులకి బరువు ఒకటి డబ్బు ఒకటి చొప్పున 1600 బైట్లు, అది 32 కేబీ ఎల్1 క్యాష్‌లో ఒక మూలకి కూడా రాదు. ఆ టేబుల్‌ని థ్రెడ్ తన ఇష్టమొచ్చినట్టు మార్చుకుంటాది, ఎవడూ చూడ్డు. చివర్లో కలపడం అంటే ఎనిమిది టేబుళ్లు, ఎనిమిది వందల వరసలు కూడటం. కంప్యూటర్ డిజైనర్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన లెక్క ప్రకారం ప్రోగ్రామ్‌లో 5 శాతం ఒక్క కోర్ మీదే నడవాల్సి వస్తే ఎన్ని కోర్లు పెట్టినా 20 రెట్లకి మించి పెరగదు, ఈడ కలిపే పని అసలు పనితో పోలిస్తే లెక్కలోకే రాదు కాబట్టి ఆ భయం లేదు.

ఇదే సొంత టేబుల్‌ని పర్సిస్టెంట్ మ్యాప్‌గా పెట్టుకుంటే? కొట్లాట ఉండదు, ప్రోగ్రామ్ స్కేల్ అవుతాది. కానీ ప్రతి అప్‌డేట్‌కీ ఒకటి రెండు నోడ్లు కాపీ, సుమారు 300 బైట్లు వేసుకున్నా కోటి అప్‌డేట్లకి 3 జీబీ చెత్త. ఉన్నచోటే కూడితే 1600 బైట్లతో అయ్యే పని ఇది. ఫంక్షనల్ భాషల్లో అలొకేషన్ (కొత్త మెమరీ తీసుకోవడం) చవక, పాయింటర్‌ని ముందుకు జరపడమే, తొందరగా చచ్చిపోయే ఆబ్జెక్టులకి జనరేషనల్ గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని ఏరి పారేసేది) పెద్దగా కష్టపడదు అన్నది నిజమే, హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీలో ఒక్కో కోర్‌కి వేరే నర్సరీ (కొత్త ఆబ్జెక్టులు పుట్టే చోటు) ఉండేది కూడా అందుకే. అయినా ఎనిమిది కోర్లూ కొత్త మెమరీని తాకుతా పోతే క్యాష్‌లో అసలు డేటాకి చోటు తగ్గిపోతాది, ఆ తర్వాత ర్యామ్ దాకా పోవాలి, డీడీఆర్4-3200 అయితే ఒక చానెల్‌కి సెకనుకి 25.6 జీబీ, అది అన్ని కోర్లూ పంచుకోవాల్సిందే. నాలుగు కోర్ల దాకా బాగా పెరిగి ఆ తర్వాత గ్రాఫ్ అడ్డంగా పడుకునే ప్రోగ్రాములు చాలావాటికి రోగం ఇదే. లాకులు లేవు, రేసులు (ఇద్దరు ఒకేసారి రాసి చెడగొట్టడం) లేవు, బ్యాండ్‌విడ్త్ (ర్యామ్ సెకనుకి ఇవ్వగల డేటా) అయిపోయింది, అంతే.

అందుకే పెద్ద సిస్టమ్స్ లోపల చూస్తే అన్నిచోట్లా ఒకే పద్ధతి కనపడతాది. గూగుల్ మ్యాప్‌రెడ్యూస్ (చాలా మెషీన్ల మీద లెక్క నడిపే సిస్టమ్) పేపర్ 2004ది, పైన ప్రోగ్రామర్‌కి ఇచ్చింది రెండు ఫంక్షన్లు, మ్యాప్, రెడ్యూస్, ఫంక్షనల్ భాషల్లోంచి తెచ్చుకున్న పేర్లే. అట్టాంటిదే ఇంకో సిస్టమ్ స్పార్క్‌లో ఆర్‌డీడీ అంటే మారని డేటా, ఒక మెషీన్ పోతే ఆ ముక్కని మళ్లీ మొదట్నుంచి లెక్కగట్టి తెచ్చుకోవచ్చు, డేటా మారేదైతే ఇది కుదరదు గదా. కానీ అదే స్పార్క్‌లో రెడ్యూస్ బై కీ (గ్రూప్ బై లాగా కీ వారీగా కూడటం) నడిచేటప్పుడు టాస్క్ లోపల చూడండి, మామూలు మ్యూటబుల్ (ఉన్నచోటే మారే) హ్యాష్ టేబులే. జావా 8లో వచ్చిన లాంగ్ యాడర్ కూడా అంతే, ఒకే అటామిక్ కౌంటర్ మీద అందరూ పడకుండా లోపల చాలా సెల్స్ పెట్టి, వాటిని ఫాల్స్ షేరింగ్ కాకుండా దూరం దూరంగా పెట్టి, అడిగినప్పుడు కూడి చెప్తాది. పైకి పద్ధతిగా, లోపల ఎవడి మూల వాడిది.

ఈ కలిపే పద్ధతికి ఒక షరతుంది, దాని గురించి మ్యూటబుల్ గొడవలో ఎవరూ మాట్లాడరు గానీ అసలు ప్యారలలిజమ్‌కి అదే ముఖ్యం. ముక్కల్ని ఏ గుంపుగా కలిపినా ఒకే ఆన్సర్ రావాలి. భాషల డిజైనర్ గై స్టీల్ 2009లో ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ కాన్ఫరెన్స్‌లో ఇదే చెప్పాడు, ఫోల్డ్‌లెఫ్ట్, ఫోల్డ్‌రైట్ (లిస్ట్‌ని ఒక చివర నుంచి కలుపుకుంటా పోయే ఫంక్షన్లు) అలవాటు కొంచెం చెడ్డదని, లింక్డ్ లిస్ట్‌ని తలకాయ నుంచి ఒక్కొక్కటే తింటా పోయే కోడ్ ఎంత ప్యూర్‌గా ఉన్నా ప్యారలల్ కాదని. లిస్ట్ ఇమ్మ్యూటబుల్, కోడ్‌లో ఒక్క సైడ్ ఎఫెక్ట్ లేదు, అయినా పదో ఎలిమెంట్ కావాలంటే తొమ్మిదీ దాటాల్సిందే, ఎనిమిది కోర్లున్నా ఏడు ఖాళీగా కూర్చుంటాయి. మామూలు అరే అయితే మధ్యకి విరిచి ఇచ్చేయొచ్చు. పొగాకు డబ్బుల లెక్కలో కూడా ఇది తగులుతాది, రూపాయల్ని ఫ్లోటింగ్ పాయింట్‌లో కూడితే ఏ థ్రెడ్ ముందు అయిపోయిందో దాన్నిబట్టి చివరి అంకెలు మారొచ్చు, నిన్నటి రిపోర్టుకీ ఇవాళ్టి రిపోర్టుకీ పైసాల తేడా వస్తే ఆడిటర్ ఊరుకోడు. పైసాల్లో ఇంటిజర్‌గా కూడితే ఆ బాధ లేదు.

గ్రేడులు వంద కాబట్టి ఇంత సులువైంది. అదే రైతు ఐడీ వారీగా తేల్చమంటే? లక్షల కీలు (అంటే ఐడీలు), ప్రతి థ్రెడ్ టేబులూ పెద్దదైపోతాది, ఎల్1లో పట్టదు, కలిపే పని కూడా అసలు పనంత అవుతాది. అప్పుడు ముందే రికార్డుల్ని కీ ప్రకారం పంచాలి, ఈ ఐడీలు ఈ థ్రెడ్‌వి, ఆ ఐడీలు ఆ థ్రెడ్‌వి అని. పంచడం ప్యారలల్‌గా ఎట్టా చేస్తారంటే, ఒక్కో థ్రెడ్ తన ముక్కలో ఏ గుంపుకి ఎన్ని ఉన్నాయో ముందు లెక్కబెట్టుకుంటాది, ఆ లెక్కల మీద ప్రిఫిక్స్ సమ్ (ప్రతి చోటుకీ అంతకుముందు దాకా అయిన మొత్తం) తీస్తే ఎవరు అవుట్‌పుట్ అరేలో ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాకా రాయాలో ముందే తేలిపోతాది, ఇంక అందరూ ఒకే అరేలో ఒకేసారి రాస్తారు, ఒక్క లాక్ లేదు, ఒక్క అటామిక్ లేదు, ఎందుకంటే ఏ ఇద్దరి గడులూ కలవవు. గై బ్లెలాక్ 1980ల చివర్లో ఈ ప్రిఫిక్స్ సమ్ మీద, స్కాన్ అని కూడా అంటారు, చేసిన పని ఇవాళ జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) కోడ్‌లో రోజూ వాడేదే. అరే షేర్డే, మ్యూటబులే, అయినా ప్రమాదం లేదు. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష ఈ సంగతినే తన రూల్స్‌లోకి తెచ్చింది, ఒక అరేని ముక్కలుగా విరిచి ఒక్కో థ్రెడ్‌కి రాసే హక్కు ఇస్తే ఆ ముక్కలు ఒకదాని మీద ఒకటి పడవని కంపైల్ టైమ్‌లోనే తేలుతాది, తేలకపోతే ప్రోగ్రామ్ కంపైలే అవదు. మార్చుకో, లేదంటే పంచుకో, రెండూ ఒకేసారి కుదరదు, దాని రూల్ అంతే.

ఇంకో దారి, ఈ రచయిత లెక్కలో దీనికే భవిష్యత్తు ఎక్కువ: ప్రోగ్రామర్ ఇమ్మ్యూటబుల్‌గానే రాస్తాడు, మార్చే పని కంపైలర్ చూసుకుంటాది. ఇది కొత్త ఐడియా ఏం కాదు. 1980ల్లో సిసాల్ అని ఒక భాష ఉండేది, ఒక పేరుకి ఒక్కసారే విలువ ఇవ్వాలి, అరేని మార్చడం అనేదే లేదు. లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో డేవిడ్ కాన్ దాని కంపైలర్ మీద పనిచేసి, పాత అరేని ఇంకెవరూ వాడరని తేలినచోట కాపీ తీసేసి అక్కడే రాసేటట్టు చేశాడు, క్రే మెషీన్ల మీద ఫోర్ట్రాన్‌తో పోటీపడే స్పీడ్ వచ్చింది, ఫోర్ట్రాన్‌ని ఇంక రిటైర్ చేద్దామా అని 1992లో ఒక పేపర్ కూడా రాశాడు. ఫోర్ట్రాన్ రిటైర్ కాలేదు, సిసాలే పోయింది. భాషలు స్పీడు లేకపోవడం వల్లే చచ్చిపోవు.

ఆ ఐడియా మాత్రం వేరే పేర్లతో తిరిగొచ్చింది. హాస్కెల్‌లో ఎస్‌టీ మోనాడ్ ఉంది, లోపల అరేని ఎంతైనా మార్చుకో, బయటికి ప్యూర్ ఫంక్షన్‌గా కనపడతాది, మార్చే వస్తువు బయటికి జారిపోకుండా టైపులే కాపలా. క్లోజర్‌లో ట్రాన్సియెంట్లు ఉన్నాయి, కట్టేటప్పుడు మ్యూటబుల్, కట్టడం అయినాక గట్టిపడతాది. కోపెన్‌హాగెన్ వాళ్ల ఫుథార్క్ ఫంక్షనల్ భాషే, జీపీయూ కోడ్ ఇస్తాది, ఈ అరే నా ఒక్కడిదే అని టైప్‌లో చెప్తే ఉన్నచోటే మారుస్తాది. మెషీన్ లెర్నింగ్ చేసే పిల్లకాయలు వాడే జ్యాక్స్ సంగతే చూడండి, అరేలో ఒక గడికి విలువ వేయబోతే ఎర్రర్ కొడతాది, కొత్త అరే తిరిగిచ్చే ఫంక్షనే వాడాలి, కానీ జిట్ (నడిచేటప్పుడే కంపైల్ చేయడం) కింద నడిస్తే, పాత అరేని ఇంకెవరూ వాడకపోతే, ఎక్స్ఎల్ఏ కంపైలర్ దాన్ని ఉన్నచోటే రాసేస్తాది. టీపీయూల (గూగుల్ ఏఐ చిప్‌ల) మీద నడిచే భారీ మోడళ్ల కోడ్ చాలా ఇట్టా రాసిందే. ఇమ్మ్యూటబుల్ అంటే స్లో అని ఇంకా వాదించేవాళ్లు దీనికి ఏం జవాబు చెప్తారో మరి.

కోకా, లీన్ 4 అనే ఫంక్షనల్ భాషలు ఇంకో రకంగా పోయాయి. ఇవి రిఫరెన్స్ కౌంట్ (ఒక ఆబ్జెక్ట్‌ని ఎన్ని చోట్ల నుంచి చూస్తున్నారన్న లెక్క) పెట్టుకుంటాయి, కౌంట్ ఒకటే ఉంటే ఇంకెవరూ చూడట్లేదని అర్థం, కాబట్టి కాపీ చేయకుండా అదే మెమరీలో కొత్త విలువ. 2021లో వచ్చిన కోకా వాళ్ల పేపర్లో రెడ్ బ్లాక్ ట్రీ (వరస క్రమంలో ఉండే చెట్టు లాంటి పట్టిక) ఇన్‌సర్షన్ స్పీడులో సీ++ స్టాండర్డ్ మ్యాప్‌కి దగ్గరగా వచ్చింది. ప్యారలల్ విషయానికొస్తే మాత్రం ఈడ కిరికిరి ఉంది, రిఫరెన్స్ కౌంట్ కూడా ఒక కౌంటరే, ఆబ్జెక్ట్‌ని థ్రెడ్లు పంచుకుంటే ఆ కౌంటర్ అటామిక్ కావాలి, అటామిక్ అంటే మళ్లీ మొదట చెప్పిన క్యాష్ లైన్ లాగులాటే. కేవలం చదవడానికి పంచుకున్న డేటా కూడా చదివిన ప్రతిసారీ కౌంట్ మారితే రాసినట్టే లెక్క. అందుకని పంచుకున్న ఆబ్జెక్టులకి వేరే గుర్తు పెట్టి, పంచుకోనివాటికి మామూలు కౌంట్ వాడతారు.

అసలు ఇమ్మ్యూటబుల్ ఏ సాయం లేకుండా నెగ్గే చోట్లూ ఉన్నాయి. చదివేవాళ్లు వేలల్లో, మార్చేవాళ్లు ఎప్పుడో ఒకసారి అయితే ఎవరినీ ఆపకుండా కొత్త కాపీ తయారుచేసి పాయింటర్ తిప్పేయడమే మేలు. లైనక్స్ కెర్నల్‌లో 2002 నుంచి ఉన్న ఆర్‌సీయూ (రీడ్ కాపీ అప్‌డేట్) ఇదే, పక్కా సీ కోడ్, ఫంక్షనల్ మాటే ఎత్తనివాళ్లు రాసింది. చదివేవాడు లాక్ తీసుకోడు, పాత వెర్షన్ చూస్తా ఉన్నవాళ్లు అందరూ వెళ్లిపోయినాకే దాన్ని ఫ్రీ చేస్తారు.

ఇంక మొండి కేసులు. దేశం రోడ్ల గ్రాఫ్ (ఊళ్లు, వాటిని కలిపే రోడ్లు) మొత్తం తీసుకోని నెల్లూరు నుంచి బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్ (దగ్గర ఊళ్లు ముందు, దూరం ఊళ్లు తర్వాత చూస్తా పోవడం) చేస్తున్నారనుకోండి, ఒక ఊరికి ముందు ఎవరు చేరారో గుర్తు పెట్టాలి, రెండు థ్రెడ్లు ఒకేసారి కావలికి చేరితే ఒక్కటే దాన్ని పట్టుకోవాలి. ఏ థ్రెడ్ ఏ ఊరికి పోతాదో ముందే తెలియదు కాబట్టి పైన చెప్పినట్టు గడులు పంచి ఇవ్వడం కుదరదు, పంచాలంటే ప్రతి లెవెల్‌కీ డూప్లికేట్లు తీసేయడానికి సార్టింగ్ లాంటి పని అదనం. షేర్డ్ అరే మీద కంపేర్ అండ్ స్వాప్ వేసేయడమే చాలాసార్లు స్పీడు, ఊళ్లు లక్షల్లో ఉంటే ఇద్దరు ఒకే గడి మీద పడటం కూడా అరుదు. యూనియన్ ఫైండ్ (ఏవేవి ఒకే గుంపువో కలుపుతా గుర్తుపెట్టుకునే పద్ధతి) కూడా ఇదే బాపతు. థియరీలో కూడా దీనికి ఆనవాలు ఉంది, నికోలస్ పిప్పెంజర్ 1996లో చూపించినట్టు, ఇన్‌పుట్ వస్తా ఉంటే వెంటవెంటనే జవాబివ్వాల్సిన కొన్ని పనుల్లో, స్ట్రిక్ట్ ప్యూర్ లిస్ప్‌కి (విలువల్ని వెంటనే లెక్కగట్టి, ఏదీ మార్చని లిస్ప్ భాష) మ్యూటేషన్, అంటే ఉన్నచోటే మార్చడం, ఉన్న లిస్ప్ కంటే లాగ్ ఎన్ రెట్లు (ఎన్ అంటే పని సైజు) అదనంగా పడతాది. మరుసటి ఏడాదే బర్డ్, జోన్స్, డి మూర్ ఆ పేపర్లోని సమస్యనే లేజీ భాషలో (అవసరమైనప్పుడే విలువని లెక్కగట్టేది) ఆ అదనం లేకుండా చేసి చూపించారు, కాబట్టి దాన్ని చివరి తీర్పు అనుకోవడానికీ లేదు. ఇంకా విడ్డూరం 2011లో వచ్చిన హాగ్‌వైల్డ్, మోడల్ వెయిట్లని థ్రెడ్లన్నీ లాక్ లేకుండా, ఒకడి రాతని ఇంకొకడు చెరిపేసినా పట్టించుకోకుండా మార్చుకుంటా పోవడం, డేటా స్పార్స్‌గా (ఎక్కువ భాగం సున్నాలుగా) ఉంటే అయినా ఆన్సర్‌కి చేరుతాదని నిరూపించారు.

డేటాని అసలు మార్చనివ్వని ఎర్లాంగ్‌కి కూడా ఈ అవసరం తప్పలేదు. ఎరిక్సన్‌లో 1980ల్లో పుట్టిన భాష, ప్రతి ప్రాసెస్‌కీ సొంత హీప్ (మెమరీ), మెసేజ్ పంపితే కాపీ, టెలికాం స్విచ్‌కి కావాల్సింది ఒక కాల్ చెడితే మిగతావి చెడకపోవడం, దానికి అది బ్రహ్మాండం. కానీ 64 బైట్లు దాటిన బైనరీలని (ముడి బైట్ల ముక్కలని) కాపీ చేయకుండా రిఫరెన్స్ కౌంట్‌తో పంచుకుంటాది, అందరూ చూడాల్సిన పెద్ద టేబుల్ కావాలంటే ఈటీఎస్ ఉంది, అది షేర్డ్, మ్యూటబుల్.

సొంత కోడ్‌లో ఏది వాడాలో తేల్చుకునే ముందు లైనక్స్‌లో పెర్ఫ్ సీ2సీ అనే టూల్ ఒకసారి నడిపి చూడటం మంచిది, ఏ క్యాష్ లైన్ కోసం ఏ థ్రెడ్లు కొట్టుకుంటున్నాయో ఫంక్షన్ పేర్లతో సహా చూపిస్తాది. దాంట్లో ఏమీ రాకపోయినా కోర్లు పెంచేకొద్దీ స్పీడు పెరగట్లేదంటే షేరింగ్‌ని వదిలేసి అలొకేషన్ లెక్క, మెమరీ బ్యాండ్‌విడ్త్ చూడాలి.